ట్రామోర్ తీరంలో మూడు, రెండు, ఒకటి

ఐర్లండ్‌లో ఆగస్టు మొదటి సోమవారం సెలవు. ముందున్న శని, ఆదివారాలతో కలిపితే మంచి గ్యాప్ దొరుకుతుంది కాబట్టి ఆ వారం దేశం మొత్తం సముద్రం వైపు పరిగెడుతుంది. మేమూ ఆ గుంపులో చేరి ట్రామోర్ వెళ్ళాం. వాటర్‌ఫోర్డ్ కౌంటీలో, దక్షిణ తీరాన ఉన్న చిన్న ఊరది. అందరూ చెప్పేది ఐదు కిలోమీటర్ల ఇసుక తీరం గురించి, దాని పక్కనున్న అమ్యూజ్‌మెంట్ పార్కు గురించి. నన్ను లాగింది మాత్రం అక్కడి అఖాతానికి రెండు కొసల్లో నిలబెట్టిన ఐదు రాతి స్తంభాలు. పడమటి కొస మీద మూడు, తూర్పు కొస మీద రెండు. ఇంకా తూర్పుకి పోతే, నది మొగకి అవతల, ఒంటరిగా ఒక లైట్‌హౌస్. మూడు, రెండు, ఒకటి. ఆ లెక్క ఎందుకు పెట్టారో తెలిశాక, వాటిని ఆ వరసలోనే చూడాలనిపించింది.

మా ఆయనకి ఈ స్తంభాల పిచ్చి లేదు. పాపకి జెయింట్ వీల్ ఉంటే చాలు. మూడు నెలలు మాతో ఉందామని భీమిలి నుంచి వచ్చిన మా అత్తయ్య మాత్రం, "సముద్రం చూడ్డానికి ఇంత దూరం వెళ్ళాలేటమ్మా? మన ఇంటి ముందే ఉందిగా" అంటూనే అందరికంటే ముందు స్వెటర్ వేసుకుని కూర్చుంది.

శుక్రవారం

సగం పూట ఆఫీసు చేసి బయల్దేరాం. మోటార్‌వే మీద ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. వాటర్‌ఫోర్డ్ నగరంలో ఆగింది గంటసేపే. వైకింగులు 914లో మకాం పెట్టిన చోటు ఇది, దేశంలోకెల్లా పాత నగరమని వీళ్ళ గర్వం. నది ఒడ్డున రెజినాల్డ్ టవర్ అనే గుండ్రటి బురుజు చూసి, క్రిస్టల్ గాజు షోరూమ్ బయట నుంచే దండం పెట్టాం. పాప లోపలికొస్తే బిల్లు ఎంతవుతుందో అని మా ఆయన టెన్షన్.

మేం ఆగింది అసలు 'బ్లా' కోసం. పైన పిండి చల్లిన మెత్తటి తెల్ల బన్ను అది. వాటర్‌ఫోర్డ్‌లో పొద్దున్నే టిఫినంటే ఇదే. 2013లో యూరోపియన్ యూనియన్ దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన హ్యూగెనాట్లు అనే ప్రొటెస్టంట్లు నేర్పారని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మామూలుగా లోపల వెన్న, పంది మాంసం పెట్టుకుని తింటారు. అత్తయ్య సంచీలోంచి ఆవకాయ సీసా తీసింది. బన్ను మెత్తదనానికి ఆవకాయ నూనె బాగా పట్టింది. మిగిలిన రోజులన్నీ మా పొద్దుటి టిఫిను అదే.

అక్కడి నుంచి ట్రామోర్ పదమూడు కిలోమీటర్లు. ఊరంతా ఒక కొండవాలు మీద ఉంది. పై వీధుల్లో చర్చి గోపురం, కింద సముద్రం. పై నుంచి కారు దిగుతుంటే అఖాతం మొత్తం ఒక్కసారి కళ్ళ ముందు పరుచుకుంటుంది. ఒకప్పుడు ఇక్కడుంది ఒక చిన్న జాలరి పల్లె. 18వ శతాబ్దం చివర్లో బార్తలోమ్యూ రివర్స్ అనే వాటర్‌ఫోర్డ్ వ్యాపారి హోటలు, విందులకో హాలు కట్టించి దీన్ని విహారస్థలంగా మార్చాడు. ఉప్పునీటి స్నానం ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లు చెబుతున్న రోజులవి.

అయితే మామూలు జనాన్ని ఇక్కడికి తెచ్చింది రైలు. 1853లో వాటర్‌ఫోర్డ్ నుంచి ట్రామోర్‌కి ఏడుంపావు మైళ్ళ లైను వేశారు. దేశంలోని మిగతా ఏ రైలు మార్గంతోనూ దానికి సంబంధం లేదు. ఈ ఊరు నుంచి ఆ ఊరికి, మళ్ళీ వెనక్కి, అంతే. ఎండ కాసిన ఆదివారం వాటర్‌ఫోర్డ్ సగం ఖాళీ అయి ఇక్కడ దిగేదట. 1960 డిసెంబర్ 31న ఆఖరి రైలు నడిచింది. నష్టాల్లో ఉన్న చిన్న లైన్లన్నీ మూసేస్తూ వచ్చారు కదా, ఇదీ ఆ లెక్కలోనే పోయింది. పట్టాలు వెంటనే పీకేశారు. స్టేషన్ భవనం మాత్రం ఊళ్ళో అలాగే ఉంది. ఇప్పుడు వాటర్‌ఫోర్డ్ నుంచి 360 నంబర్ బస్సు వస్తుంది. ఈ సెలవుల్లో ఆ రోడ్డు మీద కార్ల బారు చూసిన ఎవరికైనా, ఆ రైలు ఉంటే ఎంత బావుండేదో అనిపించక మానదు.

సాయంత్రం పాప కోరిక తీర్చాం. జెయింట్ వీల్, బంపర్ కార్లు, చిల్లర మింగే మెషీన్లు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఏ ఊరి ఎగ్జిబిషన్‌లోనైనా ఇవే ఉంటాయి. రేట్లు మాత్రం సెలవుల రేట్లు. చిప్స్ మీద వెనిగర్ పోసి కాగితంలో చుట్టి ఇచ్చారు. బల్ల మీద పెట్టిన క్షణంలో ఒక సీగల్ వచ్చి రెండు ఎత్తుకుపోయింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు ఉంది. తీరం దక్షిణం వైపు చూస్తుంది కాబట్టి ఆగస్టులో సూర్యుడు నీళ్ళలోకి దిగడు, ఊరి వెనకాల కొండ చాటుకి పోతాడు. సముద్రం మీద సూర్యాస్తమయం ఫొటో కోసం వచ్చేవాళ్ళకి అది దొరకదు.

శనివారం

పొద్దున్న కిటికీ తెరిస్తే నీళ్ళు ఎక్కడో దూరాన ఉన్నాయి. నిన్న సాయంత్రం కట్టని తాకిన సముద్రం ఇప్పుడు వందల గజాలు వెనక్కి పోయింది. విశాఖ తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా మీటరున్నర లోపే ఉంటుంది. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మూడున్నర మీటర్లు దాటుతుంది. తీరం దాదాపు బల్లపరుపు, అందుకే నీళ్ళు అంత దూరం పోతాయి. ఇక్కడ ఏ కార్యక్రమమైనా పోటు సమయాల పట్టిక చూసే పెట్టుకోవాలి. భోజనం వేళ, నడక వేళ, సర్ఫింగ్ క్లాసు వేళ, అన్నీ.

గట్టి ఇసుక మీద తూర్పుకి నడిచాం. మొదటి కిలోమీటరు జనం. గాలి ఆగడానికి గుడ్డ తడికలు పాతుకుని, వాటి వెనకాల స్వెటర్లలో కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. నీళ్ళు పదహారు డిగ్రీలు ఉంటాయేమో. పిల్లలు మాత్రం వెట్‌సూట్లు వేసుకుని గంటలు గంటలు అందులోనే. రెండో కిలోమీటరు నుంచి మనుషులు పల్చబడ్డారు. ఎడం పక్కన గులకరాళ్ళ గట్టు మొదలైంది, ఆ తర్వాత గడ్డి పట్టిన ఇసుక దిబ్బలు. ఈ ఐదు కిలోమీటర్లూ సముద్రం తనంతట తాను కట్టుకున్న గట్టు. దాని వెనకాల బ్యాక్ స్ట్రాండ్ అనే పర్ర ఉంది. పోటుకి నిండుతుంది, పాటుకి బురద తేలుతుంది.

ఆ పర్రకో కథ ఉంది. 19వ శతాబ్దంలో కట్ట కట్టి, నీళ్ళు తోడి, అక్కడ నేల సంపాదించారు. గుర్రప్పందేల మైదానం వేశారు, గోల్ఫ్ ఆడారు. 1911 చివర్లో సముద్రం కట్ట తెంచుకుని లోపలికొచ్చింది. పందేలు ఊరి పక్క గుట్ట మీదికి మారాయి, ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి. పర్ర మళ్ళీ పర్రయింది. శీతాకాలంలో కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి బ్రెంట్ బాతులు వచ్చి అక్కడ గడ్డి మేస్తాయి. పందేలకంటే ఈ వాడకమే మంచిదని నా ఉద్దేశం.

దిబ్బల చివర దాకా వెళ్ళేసరికి మా ఆయన, పాప చతికిలబడ్డారు. అత్తయ్య చెప్పులు చేతపట్టుకుని ముందుకి పోయింది. అక్కడ గట్టు తెగి, పర్రలోని నీరంతా సన్నటి దారిగుండా సముద్రంలోకి పోతోంది. అవతల ఒడ్డు పిలిస్తే పలికేంత దగ్గర. బ్రౌన్స్‌టౌన్ కొస మీద రెండు స్తంభాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"మా గోస్తనీ మొగ లాగే ఉంది" అంది అత్తయ్య. నీళ్ళ వైపు కాసేపు చూసి, "దిగకండి. పైకి నిదానంగా ఉంది గానీ అడుగున లాగుతోంది" అని నా చెయ్యి పట్టుకుంది. అక్కడ పెట్టిన హెచ్చరిక బోర్డు కూడా అదే చెబుతోంది.

మధ్యాహ్నం ఊళ్ళోకొచ్చి డోనరెయిల్ వాక్ అనే కొండంచు దారి పట్టాం. సముద్రానికి పైన, ఇళ్ళ వరసకి ముందు, బెంచీలు వేసిన చక్కటి దారి. అక్కడో రాతి స్మారకం ఉంది. స్తంభాల కథ అక్కడే మొదలవుతుంది.

1816 జనవరి 30. నెపోలియన్ యుద్ధాలు ముగిసి బ్రిటిష్ సైనికులు ఇళ్ళకి మళ్ళుతున్న రోజులు. 59వ పదాతి దళం వాళ్ళని, వాళ్ళ భార్యాపిల్లలని ఎక్కించుకుని సీ హార్స్ అనే ఓడ ఇంగ్లండ్ నుంచి కార్క్ రేవుకి బయల్దేరింది. దారిలో దక్షిణపు గాలి తుఫానయింది. ఈ తీరం ఎరిగినవాడు ఓడలో ఒకే ఒక్కడు, కెప్టెన్ కింది అధికారి జాన్ సలివన్. నేల ఎక్కడుందో చూద్దామని తెరచాప కొయ్య ఎక్కి, పట్టు తప్పి డెక్కు మీద పడి చనిపోయాడు. ఆ తర్వాత మిగిలింది ఊహే. వాటర్‌ఫోర్డ్ నది మొగలోకి దూరితే బతికిపోతారు. కానీ ఆ మొగకి పడమటి పక్కనే ట్రామోర్ అఖాతం ఉంది. సముద్రం మీద నుంచి చూస్తే రెండూ ఒకేలా లోపలికి పిలుస్తాయి. మొగలో లోతైన నీళ్ళు, రేవు ఉన్నాయి. అఖాతంలో మెరక తప్ప ఏమీ లేదు. దక్షిణపు గాలిలో తెరచాప ఓడ ఒకసారి ఈ రెండు కొసల మధ్య చిక్కితే బయటపడే దారి ఉండదు, గాలే ఒడ్డుకి తోస్తుంది. లంగర్లు వేశారు, ఆగలేదు. ఓడ మెరక తట్టి విరిగింది. 363 మంది పోయారు. ముప్ఫై మంది దాకా బతికారు. వాళ్ళలో ఒక్క ఆడమనిషీ లేదు, ఒక్క పసిబిడ్డా లేదు. ఇదంతా తీరాన నిలబడ్డ జనం కళ్ళ ముందే జరిగింది.

అత్తయ్యకి ఇదంతా తెలుగులో చెబుతుంటే మధ్యలో ఆపి, "ఒడ్డునున్నవాళ్ళు పడవలెయ్యలేదా?" అని అడిగింది. ఆ కెరటాల్లో ఏ పడవా వెళ్ళలేదని చెబితే తల ఊపింది. భీమిలిలో పెరిగిన మనిషికి అంతకంటే వివరం అక్కర్లేదు.

ఆ ప్రమాదం తర్వాత లండన్‌లోని లాయిడ్స్ బీమా వాళ్ళ డబ్బుతో స్తంభాలు కట్టారు. 1823కి పని పూర్తయింది. వీటిలో దీపం లేదు, ఇవి పగటి గుర్తులు. దూరం నుంచి లెక్కపెట్టుకుంటే చాలు. మూడు కనిపిస్తే న్యూటౌన్ కొస, రెండు కనిపిస్తే బ్రౌన్స్‌టౌన్ కొస, ఒకే బురుజు కనిపిస్తే హుక్ లైట్‌హౌస్. హుక్ పక్కనుంచి పైకి పోతే నది. మూడుకీ రెండుకీ మధ్య దూరావా, చావే. చదువురాని నావికుడికి కూడా అర్థమయ్యే ఏర్పాటు. దీనంత తెలివైన బోర్డు నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

న్యూటౌన్ కొస మీద మధ్య స్తంభం పైన ఒక ఇనప మనిషి ఉన్నాడు. మెటల్ మ్యాన్ అంటారు. దాదాపు పద్నాలుగు అడుగుల పోత విగ్రహం. నీలం కోటు, తెల్ల ప్యాంటు, పాతకాలపు బ్రిటిష్ నావికుడి వేషం. చెయ్యి చాపి సముద్రం వైపు, అంటే ప్రమాదం వైపు చూపిస్తుంటాడు. డబ్లిన్‌లో 1966లో బాంబు పెట్టి పేల్చేసిన బ్రిటిష్ నౌకాదళ అధిపతి నెల్సన్ విగ్రహం చెక్కిన థామస్ కిర్క్‌దే ఈ నమూనా కూడా. దీని జోడు పశ్చిమ తీరాన స్లైగో దగ్గర, నీళ్ళ మధ్యలో ఉంది. నెల్సన్ పోయాడు, ఈ మామూలు నావికులిద్దరూ మిగిలారు.

స్తంభాల దాకా పోనివ్వరు, ఆ పొలం ప్రైవేటు భూమి. న్యూటౌన్ కోవ్, గిల్లమీన్ అనే రెండు ఈత రేవుల వైపు నుంచి చూడాలి. స్తంభం చుట్టూ ఒంటికాలి మీద మూడుసార్లు గెంతితే ఏడాదిలో పెళ్ళవుతుందని ఇక్కడ నమ్మకం. తుఫాను రాత్రుల్లో ఇనప మనిషి "నా దగ్గరికి రాకండి" అని ఓడలకి కేకేస్తాడని కూడా చెబుతారు. మొదటిది విని అత్తయ్య, "అంత సులువైతే పెళ్ళిళ్ళ పేరయ్యలు ఎలా బతుకుతారు?" అంది.

గిల్లమీన్‌లో 'మగవారికి మాత్రమే' అనే పాత బోర్డు ఇంకా ఉంది. ఒకప్పుడు మగాళ్ళు బట్టల్లేకుండా ఈదే చోటది. నియమం ఎప్పుడో పోయింది, బోర్డు మాత్రం జ్ఞాపకానికి ఉంచారు. దాని కిందే డెబ్భై ఏళ్ళు పైబడ్డ ముగ్గురు ఆడవాళ్ళు ఈత దుస్తుల్లో టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. క్రిస్మస్ నాడు కూడా ఇక్కడ దూకుతారట. నేను మెట్ల మీద మోకాళ్ళ లోతు దిగి, అరిచి, పైకొచ్చాను. మా ఆయన దూకాడు. పైకొచ్చాక పావుగంట దాకా ఏ మాటా మాట్లాడలేదు.

ఆదివారం

పొద్దున్నుంచీ సన్న జల్లు. అది తోటలు చూసే రోజు కాదు గానీ ఇక్కడ అలా అనుకుంటే ఏదీ చూడలేం.

ఊరి పైభాగంలో లాఫ్కాడియో హెర్న్ పేరు మీద జపనీస్ తోటలున్నాయి, 2015లో తెరిచారు. జపాన్ దయ్యాల కథల్ని ఇంగ్లిష్‌లో రాసి ప్రపంచానికి చూపించిన రచయిత హెర్న్. 1850లో గ్రీసులోని లెఫ్కాడా దీవిలో పుట్టాడు. తల్లి గ్రీకు, తండ్రి ఐరిష్ సైనిక డాక్టరు. రెండేళ్ళప్పుడు డబ్లిన్ వచ్చాడు. కొన్నాళ్ళకి తల్లి వెళ్ళిపోయింది, తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పిల్లాణ్ణి పెంచింది తండ్రి తరఫు పెద్ద బంధువు ఒకావిడ. ఆవిడే ఏటా వేసవికి ట్రామోర్ తెచ్చేది. 1857లో తండ్రి ఇండియాకి ఓడెక్కే ముందు ఈ తీరం మీదే కొడుకుతో కాసేపు నడిచాడు. వాళ్ళిద్దరూ ఒకర్నొకరు చూసుకోవడం అదే ఆఖరు. ఆ తండ్రి ఉద్యోగం చేసింది మన సికింద్రాబాద్‌లో. 1866లో తిరిగొస్తూ సూయజ్ దగ్గర ఓడలోనే జబ్బుతో చనిపోయాడు.

సికింద్రాబాద్ పేరు తగిలేసరికి తోట నాకు వేరేగా కనిపించింది. ఇక్కడ పిల్లాడు సముద్రం వైపు చూస్తుంటే, అక్కడ తండ్రి కంటోన్మెంట్‌లో సైనికులకి మందులిస్తూ ఉండి ఉంటాడు. తోటని హెర్న్ జీవితం వరసలోనే వేశారు. విక్టోరియన్ తోట, అమెరికా తోట, గ్రీకు తోట, ఆ తర్వాత వంతెనలు, సెలయేళ్ళు, టీ ఇల్లు. అతను 1890లో జపాన్ చేరి, అక్కడే పెళ్ళి చేసుకుని, కొయిజుమి యాకుమో అని పేరు మార్చుకుని, 1904లో పోయాడు. జపనీస్ పిల్లలకి అతను పాఠ్యపుస్తకాల మనిషి. ఐర్లండ్ మాత్రం చాలా కాలం పట్టించుకోలేదు. తోట కొత్తది కాబట్టి చెట్లు ఇంకా ఎదగాలి. మొదటి సగం కొంచెం మ్యూజియంలా ఉంటుంది. వాగు పక్కన నీడలో సాగే కింది భాగం నిజంగా బావుంది. వాన కూడా అక్కడ అందంగానే ఉంది.

మధ్యాహ్నానికి మబ్బు విడిస్తే కాపర్ కోస్ట్ దారి పట్టాం. ట్రామోర్ నుంచి పడమటికి, కొండంచు వెంబడి పాతిక కిలోమీటర్ల తీరం, యునెస్కో గ్లోబల్ జియోపార్కు. కిందనున్న రాళ్ళు నలభై ఆరు కోట్ల ఏళ్ళ నాడు సముద్రం అడుగున పేలిన అగ్నిపర్వతాలవి. మలుపు మలుపుకీ రంగు మారుతుంది. ఒకచోట నల్లరాయి, ఇంకోచోట ఆకుపచ్చ మరక, బాలీడోవాన్ అనే చిన్న రేవు దగ్గర ఇటుక ఎరుపు. కారు దారి ఇరుకు. ఎదురొచ్చిన ప్రతి కారూ ఆగి, డ్రైవరు స్టీరింగ్ మీద ఒక వేలు ఎత్తి పలకరించి పోతాడు. రెండో ఊరు దాటేసరికి పాప కూడా అందరికీ వేలెత్తడం మొదలుపెట్టింది.

బన్‌మహన్ అనే ఊరు ఈ తీరానికి గుండెకాయ. 1820ల నుంచి యాభై ఏళ్ళకి పైగా ఇక్కడ రాగి తవ్వారు. బాగా నడిచిన రోజుల్లో వెయ్యి మందికి పైగా పని చేశారు. తవ్విన ఖనిజాన్ని ఇక్కడ కరిగించలేదు, ఓడలకెక్కించి వేల్స్‌లోని స్వాన్సీకి పంపారు. కారణం బొగ్గు. రాగి కరిగించడానికి ఖనిజం కంటే బొగ్గే ఎక్కువ కావాలి. అందుకే బరువు తక్కువున్నది బరువు ఎక్కువున్న దాని దగ్గరికి పోయింది. గని నిండుకుని, ధర పడిపోయాక మనుషులూ పోయారు. చాలామంది అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ గనుల్లో తేలారు. టాంకర్డ్స్‌టౌన్ దగ్గర కొండంచున ఇంజన్ హౌస్ గోడలు, పొగ గొట్టం మిగిలాయి. గనిలో ఊరే నీళ్ళు తోడడానికి ఆవిరి యంత్రం పెట్టిన చోటది. ఒక పాత చర్చిలో జియోపార్కు సెంటర్ ఉంది. టీ, కేకు, రాళ్ళ నమూనాలు, బాగా చెప్పే మనుషులు. ముందు అది చూసి తర్వాత గని దగ్గరికి వెళ్తే గోడలు అర్థమవుతాయి.

ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ ఇంజన్ హౌస్ పక్కన కూర్చున్న అరగంట. అత్తయ్యకి మాత్రం నచ్చలేదు. "గోడలు చూడ్డానికి పెట్రోలు పోసుకుని వచ్చామా?" అంది.

సోమవారం

మూడు అయ్యాయి, ఇక రెండు. బ్రౌన్స్‌టౌన్ ట్రామోర్‌కి ఎదురుగానే ఉన్నా, మధ్యలో పర్ర, మొగ ఉన్నాయి కాబట్టి రోడ్డు చుట్టూ తిరిగి వెళ్ళాలి. పొలాల మధ్య సన్న దారి, ఆవులు, గాలి. రెండు స్తంభాలూ ఏ అలంకారం లేకుండా, సున్నపు గొట్టాల్లా నిలబడి ఉన్నాయి. జనం లేరు. పడమటి కొస మీద ఇనప మనిషి ఉన్నాడు కాబట్టి ఫొటోలు, కథలు, నమ్మకాలు అన్నీ వాడికే దక్కాయి. ఇక్కడి నుంచి చూస్తే అఖాతం మొత్తం కళ్ళ కింద ఉంటుంది. ఓడ ఎక్కడ చిక్కుకుందో, ఎందుకు బయటపడలేకపోయిందో ఇక్కడే బాగా అర్థమవుతుంది. స్మారకం దగ్గర చెప్పిన కథ మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

డన్‌మోర్ ఈస్ట్ అక్కడికి దగ్గరే. గడ్డి కప్పుల ఇళ్ళు, చేపల రేవు. 1814లో ఇంజనీరు అలెగ్జాండర్ నిమ్మో ఈ రేవు కట్టడం మొదలుపెట్టాడు, వేల్స్ నుంచి వచ్చే టపా పడవల కోసం. తర్వాత ఆవిరి ఓడలొచ్చి నది మీదుగా నేరుగా వాటర్‌ఫోర్డ్ దాకా పోవడంతో టపా పోయి చేపలు మిగిలాయి. రేవు పక్కన కొండ గోడకి కిట్టివేక్ పక్షులు గూళ్ళు కడతాయి. మామూలుగా మనుషులకి దూరంగా, సముద్రపు రాళ్ళ మీద ఉండే జాతి. ఇక్కడ మాత్రం ఊరి నడుమ, పార్కింగ్ పక్కనే. ఆగస్టు కాబట్టి సగం గూళ్ళు ఖాళీ. మిగిలిన సగం చేసిన గోలకే చెవులు మూసుకున్నాం. వేయించిన చేప తిన్నాం. అత్తయ్య మొదటిసారి వంక పెట్టలేదు. "కారం లేదు గానీ చేప తాజాది" అంది. ఆవిడ నోట అది పెద్ద సర్టిఫికెట్.

ప్యాసేజ్ ఈస్ట్ అనే ఊరి నుంచి కారు ఫెర్రీ ఎక్కి అవతల బాలీహ్యాక్‌లో దిగాం. నది దాటడం పది నిమిషాలు కూడా పట్టదు. అదే రోడ్డున అయితే వాటర్‌ఫోర్డ్ మీదుగా చుట్టు తిరగాలి. ముందుగా టికెట్ బుక్ చేసుకునే పని లేదు, లైన్లో నిలబడితే చాలు. సెలవు కాబట్టి ఆ లైను ఊరి చివర దాకా ఉంది.

అక్కడి నుంచి హుక్. సన్నగా సముద్రంలోకి పొడుచుకుపోయిన నేల, దాని కొసన తెలుపు మీద రెండు నల్ల పట్టీల బురుజు. విలియం మార్షల్ అనే నార్మన్ ప్రభువు, నది ఎగువన న్యూ రాస్‌లో తాను కట్టిన రేవుకి ఓడలు దారి తప్పకుండా రావాలని 13వ శతాబ్దం మొదట్లో కట్టించాడు. ఎనిమిది వందల ఏళ్ళయినా ఇప్పటికీ పని చేస్తోంది. ప్రపంచంలో ఇంత పాతవై ఇంకా వెలుగుతున్న దీపస్తంభాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మొదట్లో కాపలా కాసింది దగ్గరి మఠంలోని సన్యాసులు. పైన మంట వేసి, కట్టెలు, బొగ్గు మోసుకుంటూ మెట్లెక్కేవారు. గైడ్‌తో పాటు పైకి 115 మెట్లు. గోడలు ఎంత మందమంటే మెట్లన్నీ గోడ లోపలే తిరుగుతాయి. కింద మూడంతస్తుల్లో రాతి కమానుల గదులు, ఒకదాంట్లో సన్యాసులు చలి కాచుకున్న పొయ్యి.

అత్తయ్య మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి పైదాకా ఎక్కింది. పై బాల్కనీ నుంచి పడమటికి చూస్తే బ్రౌన్స్‌టౌన్ రెండూ చిన్న గీతల్లా కనిపించాయి. ఆ వెనకాల ఇంకా దూరంగా మూడు. పాప పైకే లెక్కపెట్టింది. తుఫానులో, వాన తెరల్లో, ఈ గీతల్ని చూసి దారి నిర్ణయించుకునే మనిషి టెన్షన్ ఏంటో అప్పుడు తెలిసింది.

దిగేముందు అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది. "ఇప్పుడు దీపం ఎవరు వెలిగిస్తున్నారో ఆ అబ్బాయిని అడుగమ్మా." అడిగాను. 1996లో ఆఖరి కాపలాదార్లు వెళ్ళిపోయారని, అప్పటి నుంచి అంతా ఆటోమేటిక్ అని, డబ్లిన్ పక్కనున్న డన్‌లీరీలో, లైట్‌హౌస్‌లు చూసుకునే ఐరిష్ లైట్స్ ఆఫీసు నుంచి గమనిస్తుంటారని చెప్పాడు గైడు.

డన్‌లీరీ మేముండే చోటుకి రెండు స్టాపుల దూరం. ఆదివారాలు రేవు గట్టు మీద వాకింగ్‌కి వెళ్తూ ఆ ఆఫీసు ముందు నుంచే నడుస్తాం. ఆ మాట చెప్పగానే అత్తయ్య ముఖం వెలిగిపోయింది.

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా. వచ్చే ఆదివారం లోపలికెళ్ళి అడుగుదాం, మా భీమిలి దీపం సంగతి కూడా వాళ్ళకి తెలుసేమో."